క్రెడిట్ రిపోర్టులో మీది కాని బాకీ కనిపిస్తే ఏం చేయాలి

రికవరీ ఏజెంటు ఫోను చేసి, మీ పేరిట బాకీ ఉందని, కట్టకపోతే సిబిల్ (అప్పుల చరిత్రకు ఇచ్చే స్కోరు) పాడవుతుందని బెదిరించినప్పుడు మొదట గ్రహించవలసిన విషయం ఒకటుంది. మీ అప్పులు, చెల్లింపుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టులో ఒక్క అక్షరం రాయడానికైనా, కొట్టివేయడానికైనా ఆ ఏజెంటుకు అధికారం లేదు. అప్పు ఇచ్చిన బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ, లేదా ఆ బాకీని కొనుక్కున్న ఆస్తుల పునర్నిర్మాణ సంస్థ పంపిన వివరాలే అందులో నమోదవుతాయి. అందువల్ల ఫోనులో ఎంత వాదించినా రిపోర్టు మారదు. వివరాలు పంపిన సంస్థ ఏదో తెలుసుకొని రాతపూర్వకంగా అడగాలి.

మన దేశంలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలు ఉన్నాయి. ప్రతి సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. ఒకదానిలో లేని తప్పు మరొకదానిలో ఉండవచ్చు కనుక నాలుగూ తీసుకోవడం మంచిది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి హైదరాబాదుకో, చెన్నైకో వలస వెళ్లి ఫోను నంబరు మార్చుకున్నవారికి ఓటీపీ పాత నంబరుకు వెళ్లి ఇబ్బంది కలగవచ్చు. అప్పుడు గుర్తింపు, చిరునామా పత్రాలు జతచేసి ఆ సంస్థకే లేఖ రాయాలి.

రిపోర్టు చేతికి వచ్చాక స్కోరును పక్కనబెట్టి, వివాదంలో ఉన్న ఖాతా వివరాలు చూడండి. వివరాలు పంపిన సంస్థ పేరు, ఖాతా నంబరు, అప్పు తెరిచిన తేదీ, చివరి చెల్లింపు తేదీ, ప్రస్తుత స్థితి ఒక కాగితంపై రాసుకోండి. అప్పు తీసుకున్నవారి పేరు ఒక్కటే చూస్తే సరిపోదు, పాన్ నంబరునూ పుట్టిన తేదీనీ సరిచూడాలి. మన ఉత్తరాంధ్రలో అప్పలనాయుడు, సూర్యనారాయణ, సింహాచలం, పైడితల్లి వంటి పేర్లు ఒకే ఇంటిపేరుతో ఒకే ఊరిలో ఇద్దరు ముగ్గురికి ఉండడం మామూలే. ఒకరి అప్పు మరొకరి ఫైలులో చేరడానికి ఇది చాలు. బంధువుకు హామీదారుగా సంతకం చేసి మరిచిపోయిన అప్పు కూడా మీ రిపోర్టులో కనిపిస్తుంది. అది తప్పు నమోదు కాదు కనుక వివాదానికి నిలవదు.

తీర్చేసిన బాకీ విషయంలో కావలసిన ఆధారాలు వేరు. పలాసలో ఒకరు బండి అప్పును 2021లో పూర్తిగా తీర్చారనుకుందాం. రిపోర్టులో అది ఇంకా బాకీగా ఉంటే నో డ్యూస్ సర్టిఫికెట్టు (బాకీ లేదన్న ధ్రువపత్రం), చివరి వాయిదా సొమ్ము ఖాతా నుంచి వెళ్లినట్లు చూపే స్టేట్‌మెంటు జతచేస్తే చాలు. అసలు తీసుకోని అప్పయితే, సంతకం చేసిన దరఖాస్తు, అప్పు సొమ్ము జమ అయిన ఖాతా వివరాలు చూపమని సంస్థనే అడగాలి. మీ పాన్‌ను ఎవరో వాడుకున్నారని అనుమానముంటే పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ నకలును కూడా జతచేయాలి.

క్రెడిట్ సమాచార సంస్థ వెబ్‌సైటులో వివాదం నమోదు చేసి, అదే రోజున అప్పు సంస్థ ఫిర్యాదుల విభాగానికీ లేఖ పంపండి. లేఖ క్లుప్తంగా ఉండాలి: “ఫలానా నంబరు గల ఖాతా నాది కాదు. దీనికి సంబంధించిన పత్రాల నకళ్లు ఇవ్వవలసిందిగా, లేనిపక్షంలో ఈ నమోదును తొలగించవలసిందిగా కోరుతున్నాను.” కోపం, కుటుంబ కష్టాలు అందులో అనవసరం. స్పీడ్ పోస్టు రసీదును, వెబ్‌సైటు ఇచ్చిన ఫిర్యాదు నంబరును భద్రపరచండి, ఎందుకంటే గడువు లెక్కంతా ఆ తేదీ నుంచే సాగుతుంది. సరిచేసిన వివరాలను అప్పు సంస్థ 21 రోజుల్లో పంపాలి. మొత్తం వ్యవహారం 30 రోజుల్లో ముగియాలి. ముగియకపోతే, 2024 ఏప్రిల్ 26 నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం ఆలస్యానికి కారణమైన సంస్థ ఆలస్యమైన ప్రతి రోజుకు మీకు 100 రూపాయల పరిహారం చెల్లించాలి.

ఈలోగా ఏజెంటు మళ్లీ వస్తాడు. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత ఫోను చేయకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. “ముందు ఒక వెయ్యి కట్టండి, తరువాత చూద్దాం” అన్న మాటకు మాత్రం లొంగవద్దు. తాకట్టు లేని అప్పుకు దావా వేసే గడువు సాధారణంగా 3 సంవత్సరాలు. ఆ గడువు తీరకముందే అలా కట్టే సొమ్ముతో పాటు బాకీని ఒప్పుకుంటూ సంతకం చేస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. లోక్ అదాలత్‌కు రమ్మని నోటీసు వచ్చినా అంతే జాగ్రత్త అవసరం. అక్కడ రాజీ ఇరుపక్షాల సమ్మతితోనే కుదరాలి, కానీ సంతకం చేశాక ఆ అవార్డు (తీర్పు)పై అప్పీలు లేదు. పైగా తక్కువ సొమ్ముకు రాజీ పడితే ఖాతా “క్లోజ్డ్” అని కాక “సెటిల్డ్” అని నమోదవుతుంది. తరువాత గృహరుణానికి వెళ్లినప్పుడు బ్యాంకులు దాన్ని ప్రతికూలంగానే చూస్తాయి. మీది కాని బాకీకి రాజీ పడవలసిన అగత్యం లేదు.

నెల గడిచినా జవాబు రాకపోతే, లేదా కారణం చెప్పకుండా తిరస్కరిస్తే, ఆలస్యం చేయక ఖాతాదారుల ఫిర్యాదులను పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించాలి. 2022 సెప్టెంబరు 1 నుంచి క్రెడిట్ సమాచార సంస్థలు కూడా ఈ పరిధిలోకి వచ్చాయి. ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఆన్‌లైన్ పోర్టల్‌లో గాని, చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి తపాలా ద్వారా గాని పంపవచ్చు. సందేహాలకు 14448 నంబరు ఉంది. మొదటి ఫిర్యాదు నకలు, అది అందిన తేదీకి రుజువు తప్పక జతచేయాలి, అవి లేని దరఖాస్తు ఆదిలోనే ఆగిపోతుంది. ఒక సంస్థ రిపోర్టులో నమోదు తొలగిన తరువాత మిగిలిన మూడింటిలోనూ తొలగిందో లేదో సరిచూసి, మిగిలిన చోట అవే పత్రాలతో మళ్లీ వివాదం నమోదు చేయండి.