సర్వర్‌ను తాకే ముందు నేను చూసేవి

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల ఆఫీసుల్లో సర్వర్ మూత విప్పేటప్పుడు ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. మొదటిసారి బ్లోయర్ పెట్టిన అర నిమిషానికే నేను, అకౌంటెంటు గారు, గుమ్మంలో నిలబడ్డ వాచ్‌మన్ ముగ్గురం దగ్గుకుంటూ వీధిలో పడ్డాం. ఫ్యాను రెక్కల మీద, హీట్‌సింక్ రేకుల సందుల్లో పేరుకున్నదంతా మిర్చి దుమ్మే.

విజయవాడ, గుంటూరు, తెనాలి చుట్టుపక్కల చిన్న, మధ్యతరహా సంస్థల సర్వర్లు చూసుకోవడం 17 ఏళ్లుగా నా పని. పెద్ద డేటా సెంటర్ల హంగులేవీ ఇక్కడ ఉండవు. ఒక ర్యాక్, ఒక ఏసీ, పక్కనే పాత ఫైళ్ల బీరువా, అంతే. ఇలాంటి చోట పని మొదలుపెట్టిన కుర్రవాళ్లకు పనికొస్తుందని, నేను చేసే వరుసలోనే రాస్తున్నాను.

గదిలోకి వెళ్లగానే ఏదీ ముట్టుకోను. ర్యాక్ ముందు ఒక నిమిషం, వెనుక ఒక నిమిషం నిలబడతాను. ఫ్యాన్ల మోత ఎప్పటికంటే ఎక్కువగా ఉందంటే లోపల వేడి పెరిగిందనో, ఒక ఫ్యాను ఆగిపోతే మిగిలినవి దాని పని కూడా మోస్తున్నాయనో అర్థం. ఏసీ మీద కనిపించే అంకెను నమ్మను. సర్వర్ ముందు భాగంలోకి వెళ్లే గాలి ఎంత వేడిగా ఉందన్నదే లెక్క. అది 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఆష్రే (ఏసీ, శీతలీకరణ ఇంజనీర్ల సంస్థ) సిఫార్సు. అందుకే ర్యాక్ ముందు వైపు, పై అరలో ఒక థర్మామీటర్ వేలాడదీస్తాను. మే నెలలో కింది అరకూ పై అరకూ ఐదు డిగ్రీల తేడా చూసిన రోజులున్నాయి. ఖాళీ అరలకు రేకులు బిగించకపోతే వెనుక నుంచి వచ్చే వేడిగాలి ఆ సందుల్లోంచి మళ్లీ ముందుకు తిరుగుతుంది. డిస్కులు లేని స్లాట్లలో ప్లాస్టిక్ డమ్మీలు తీసి పారేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. గాలి దారి తప్పకుండా చూసేది అవే.

తర్వాత కరెంటు. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎంత ఉందో చూస్తాను. 2 వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించే దాకా ఇంకే పనీ మొదలుపెట్టను. వేసవిలో ఇది పెరిగితే సాధారణంగా కారణం పెరట్లోనే దొరుకుతుంది: ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. రెండు బిందెల నీళ్లు పోయించి మళ్లీ కొలిస్తే చాలాసార్లు దిగివస్తుంది. ఏప్రిల్ నుంచి వర్షాలు పడే దాకా వారానికోసారి నీళ్లు పోయమని వాచ్‌మన్‌కు చెప్పి, గోడ మీద రాయించి వస్తాను.

సర్వర్‌కు రెండు పవర్ సప్లైలు ఇచ్చేది ఒకటి పోయినా రెండోది నిలబెట్టాలని. తీరా చూస్తే రెండు తీగలూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉంటాయి! ఒకటి ఒక యూపీఎస్‌కు, రెండోది ఇంకో యూపీఎస్‌కో వేరే లైనుకో వెళ్లాలి. ఒక్కదాని మీదే మొత్తం బరువు పడినా మోయగలదా అన్నదీ చూడాలి. ఆదివారం నాడు, బ్యాకప్ తీసుకున్నాక, ఒక తీగ లాగి చూస్తాను. అది పెట్టేసి రెండోది లాగుతాను. యూపీఎస్ బ్యాటరీలను వేడి తినేస్తుంది, కాబట్టి ఏసీ గాలి తగలని మూలకు వాటిని తోసేయకండి.

ఇక శుభ్రం చేయడం. సర్వర్ ఆపినంత మాత్రాన లోపల కరెంటు పోదు. తీగ ఉన్నంతసేపూ మదర్‌బోర్డు మీద కొంత భాగం మెలకువగానే ఉంటుంది. రెండు తీగలూ పీకి, అర నిమిషం ఆగి, మణికట్టుకు ఎర్త్ పట్టీ వేసుకుని అప్పుడు మూత తీస్తాను. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌ను దగ్గరికి రానివ్వను, దానివల్ల స్టాటిక్ పుడుతుంది. ఈ పనంతా గది బయట చేయాలని మళ్లీ చెప్పనక్కర్లేదనుకుంటాను.

మా పనిలో కొంపలు మునిగేది డిస్కుల దగ్గర. వృత్తిలోకి వచ్చిన రెండో ఏట నేను చేసిన తప్పు చెబుతాను. నాలుగు డిస్కుల రెయిడ్ 5లో (డిస్కులన్నీ జట్టుగా పనిచేసి, ఒకటి పోయినా డేటా నిలిచే ఏర్పాటు) ఒకటి పోయింది. స్లాట్ 2 అని కంట్రోలర్ (డిస్కులను నడిపే కార్డు) చూపించింది. చనిపోయిన డిస్కుకు లైటే వెలగడం లేదు. ఎడమ నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టి రెండోది లాగేశాను. ఆ సర్వర్‌లో స్లాట్లు సున్నా నుంచి మొదలవుతాయి. నేను లాగింది స్లాట్ 1, బతికున్న డిస్కు. బిల్లింగ్ ఆగిపోయింది. కౌంటర్ దగ్గర జనం. మా సీనియర్‌కు ఫోన్ చేస్తే ఆయన తిట్టలేదు, "ముందు సర్వర్ ఆపు. డిస్కు మళ్లీ పెట్టు. తర్వాత నేను చెప్పేదాకా చేతులు కట్టుకుని కూర్చో" అన్నారు. తిరిగి ఆన్ చేస్తే కంట్రోలర్ ఆ డిస్కును 'ఫారిన్', అంటే తనది కాదు, అంటోంది. రెండు దారులు చూపిస్తుంది: ఇంపోర్ట్, క్లియర్. కంగారులో ఉన్నవాడి వేలు క్లియర్ మీదకే పోతుంది. అది నొక్కితే రెయిడ్ వివరాలు చెరిగిపోతాయి. ఇంపోర్ట్ చేశాం. ఫైల్ సిస్టమ్ తనిఖీ ముగిసేసరికి నలభై నిమిషాలు పట్టింది, డేటా దక్కింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. పోయిన డిస్కు సీరియల్ నంబరును కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లో చూసి కాగితం మీద రాసుకుంటాను. అది ఎక్కడుందో చూపే లొకేట్ లైటును మినుకుమినుకుమనిపిస్తాను. లైటు కూడా చచ్చి ఉంటే, బతికున్న మిగతావాటి లైట్లు ఒక్కొక్కటే వెలిగించి మిగిలింది ఏదో తేల్చుకుంటాను. బ్యాకప్ ఉందో లేదో అడగను, ఒక ఫైలు తిరిగి తెచ్చి చూస్తాను. అప్పుడు లాగుతాను. కొత్తది పెట్టాక రీబిల్డ్ (పోయిన డేటాను కొత్త డిస్కు మీద మళ్లీ కట్టడం) మొదలైందని చూసి, అయ్యేదాకా ఆ సర్వర్ జోలికి ఎవరినీ పోనివ్వను. పెద్ద డిస్కులకు అది ఒక రోజు పైనే పట్టవచ్చు, ఆ లోపు ఇంకొకటి పోతే రెయిడ్ 5లో చేసేదేమీ ఉండదు. అందుకే కొత్తగా పెట్టేవాటికి, రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 అడుగుతాను, యజమాని ఖర్చు గురించి ఎంత గొణిగినా సరే.

ఏ డిస్కూ పోలేదు, కానీ డిస్కు మీద డేటా రాసే పనులన్నీ హఠాత్తుగా నెమ్మదించాయి అంటే కంట్రోలర్ బ్యాటరీని అనుమానించండి. అది బలహీనపడితే కంట్రోలర్ తన క్యాష్‌ను (రాయాల్సింది కాసేపు దాచుకునే మెమరీని) నమ్మడం మానేసి ప్రతి రాతా నేరుగా డిస్కు మీదే వేస్తుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లూ నెట్‌వర్క్ వాళ్లూ నాలుగు రోజులు వాదులాడుకున్న ఒక కేసు చివరికి ఆ చిన్న బ్యాటరీ మార్చడంతో తీరింది.

ర్యామ్ విషయం సులువు. సరిదిద్దగలిగిన తప్పులు లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) అప్పుడప్పుడూ ఒకటి పడితే పట్టించుకోను. ఒకే స్లాట్ పేరు వారంలో పదిసార్లు వస్తే ఆ ర్యామ్‌ను పక్క స్లాట్‌లోకి మారుస్తాను. తప్పు ర్యామ్‌తో పాటు వెళ్తే ర్యామ్‌ది, స్లాట్‌నే పట్టుకుని ఉంటే బోర్డుదో ప్రాసెసర్ సాకెట్‌దో.

భద్రత అనగానే అందరూ ఫైర్‌వాల్ గురించి మాట్లాడతారు. నేను మొదట చూసేది సర్వర్ వెనుక ఉండే నిర్వహణ పోర్టు. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐలో అంటారు, మిగతావాళ్లు బీఎంసీ అంటారు. సర్వర్‌లో సర్వర్ అది. దూరం నుంచే ఆపవచ్చు, ఆన్ చేయవచ్చు, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వేయవచ్చు. పాత డెల్ సర్వర్లకు యూజర్ పేరు రూట్, పాస్‌వర్డ్ కాల్విన్ అని ఈ వృత్తిలో తెలియనివారు లేరు. పాత సూపర్‌మైక్రోలకు రెండూ అడ్మినే. ఇప్పటికీ మార్చని చోట్లు నెలకొకటి తగులుతాయి. మార్చినంత మాత్రాన సరిపోదు. ఈ పోర్టులు వాడే ఐపీఎంఐ 2.0 ప్రమాణం తయారీలోనే ఒక లోపం ఉంది: యూజర్ పేరు తెలిస్తే చాలు, లాగిన్ కాకముందే పాస్‌వర్డ్ హ్యాష్‌ను (ఊహించిన పాస్‌వర్డ్‌లతో సరిచూసుకోగల దాని గుప్త రూపాన్ని) సర్వరే పంపించేస్తుంది. 2017లో ఐలో 4లో బయటపడ్డ లోపమైతే ఇంకా విడ్డూరం. ఇంగ్లిష్ 'ఏ' అక్షరాన్ని 29 సార్లు పంపితే చాలు, పాస్‌వర్డ్ అక్కర్లేకుండానే తలుపు తెరుచుకునేది. 2.53 ఫర్మ్‌వేర్‌తో (పరికరంలోనే ఉండే సాఫ్ట్‌వేర్‌తో) దాన్ని మూశారు. కాబట్టి ఈ పోర్టును వేరే వీలాన్‌లో (విడదీసిన నెట్‌వర్క్ భాగంలో) పెట్టి, ఇంటర్నెట్‌కు ఎట్టి పరిస్థితుల్లోనూ చూపించకుండా, ఐపీఎంఐ ఓవర్ ల్యాన్ అవసరం లేకపోతే ఆపేసి, ఒక్క నా కంప్యూటర్ నుంచే చేరేలా చేస్తాను.

"నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించడం" అని ఫర్మ్‌వేర్ వాయిదా వేసేవారికి నేను చెప్పే కథ ఒకటుంది. 2019 నవంబరులో హెచ్‌పీఈ కొన్ని ఎస్ఎఎస్ ఎస్ఎస్‌డీల (సర్వర్లలో వాడే, తిరిగే పళ్లేలు లేని చిప్ డిస్కుల) గురించి ప్రకటించింది: సరిగ్గా 32,768 గంటలు నడిచాక, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలకు, డిస్కు పనిచేయడం మానేస్తుంది, డేటా కూడా తిరిగిరాదు. ఒకే రోజు బిగించిన డిస్కులన్నీ ఒకే వేళకు పోతాయి. ఏ రెయిడ్ కాపాడుతుంది? హెచ్‌పీడీ8 ఫర్మ్‌వేర్ వేస్తే చాలు. మూడు నెలలకోసారి తయారీదారు ప్రకటనలు చదివి, ముందు బీఎంసీ, తర్వాత బయాస్ (సర్వర్‌ను లేపే మొదటి ప్రోగ్రాం), ఆపైన కంట్రోలర్, డిస్కులు అన్న వరుసలో వేస్తాను.

గడియారం తప్పితే లాగ్‌లు ఎందుకూ పనికిరావు. బయాస్ తేదీ వెనక్కి పోతే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, గడియారాలను ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సమయంతో కలపాలి, దాడి జరిగిందని గమనిస్తే 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి.

పాత డిస్కులను తుక్కు బండికి వేయనివ్వను. బతికున్నవాటిని ముందు తుడిచేస్తాను. చచ్చినవాటిని మా వీధి చివరి వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి, పళ్లేల గుండా మూడు చోట్ల డ్రిల్ వేయిస్తాను. ఎస్ఎస్‌డీ అయితే పెట్టె విప్పించి, రంధ్రం ప్రతి చిప్ మీదా పడిందో లేదో నా కళ్లతో చూసుకున్నాకే డబ్బులిస్తాను.