మళ్లీ శాక్! లైన్‌ని తిట్టే ముందు రీప్లేలో ఏం చూడాలి

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా శనివారం పూట కొలంబస్‌లో ఎవరినీ పనికి పిలవకూడదు. ఓహియో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటుంది. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం నిండిపోతుంది, మిగిలిన ఊరు టీవీల ముందు చేరుతుంది. అక్కడే ఎం.ఎస్. చేసి పక్కనే డబ్లిన్‌లో స్థిరపడిన మా బావమరిది ఇంట్లో నేనూ చూస్తాను. బంతి అందుకుని ముందుకు విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను ప్రత్యర్థులు ఒక్కసారి కింద పడేస్తే (అదే శాక్) చాలు, "ఈ లైన్ దండగ బావా, ఐదుగురినీ పీకెయ్యాలి" అంటాడు.

డాక్టరు దగ్గరికెళ్లి "ఒంట్లో బాగాలేదు" అంటే ఆయన మందు రాయడు, ఎక్కడ, ఎప్పటినుంచి అని అడుగుతాడు. లైన్ సంగతీ అంతే. లైన్ అంటే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడటానికి బంతి దగ్గర వరుసగా నిలబడే ఐదుగురు, మధ్యలో సెంటర్, ఆయనకు అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిల్స్. ఒక్కొక్కడూ 300 పౌండ్ల మనిషి, అంటే 135 కిలోల పైమాటే. కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి వీళ్లు తప్పు చేసినప్పుడే మనకు కనబడతారు. ఓహియో స్టేట్ 2024 సీజన్‌లో దాదాపు అన్ని రోగాలూ వచ్చాయి, అందుకే ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే.

లక్షణం: చివరి వైపు నుంచి వచ్చి క్వార్టర్‌బ్యాక్‌ను పడేస్తున్నారు

ముందు రీప్లే పెట్టి, బంతి చేతిలో పడ్డప్పటి నుంచి లెక్కపెట్టండి. మూడు సెకన్లు దాటాక పడ్డాడంటే తప్పు టాకిల్‌ది కాకపోవచ్చు. బంతి వదలకుండా నిలబడిపోయిన క్వార్టర్‌బ్యాక్‌ది కావచ్చు, బంతి పట్టడానికి ఖాళీలోకి పరిగెత్తలేకపోయిన రిసీవర్లది కావచ్చు. రెండున్నర లోపే పడితే మాత్రం టాకిల్ కాళ్లు చూడండి. అతను పక్కకూ వెనక్కూ జరుగుతూ భుజాలు ముందుకే ఉంచాలి. తొందరపడి మొత్తం బయటి వైపు తిరిగాడో, లోపలి దారి తలుపు తీసినట్టే. ప్రత్యర్థి ఒక అడుగు బయటికి వేసినట్టు చేసి లోపలికి దూరిపోతాడు. టాకిల్ చెయ్యి గాల్లో ఉండిపోతుంది. ఆ చెయ్యి వాడి చొక్కా పట్టుకుంటే హోల్డింగ్, పది గజాలు పోయాయి.

మనిషే లేకపోతే? 2024 అక్టోబరు 12న ఆరెగాన్‌లో 32-31తో ఓడిన రోజే లెఫ్ట్ టాకిల్ జాష్ సిమన్స్ మోకాలు దెబ్బతింది, సీజన్ అయిపోయింది. తర్వాతి మ్యాచ్‌లో నెబ్రాస్కాపై 21-17తో గట్టెక్కారు గానీ ఆ చివర ఉన్న చిల్లు అందరికీ కనబడింది. అప్పుడు కోచ్‌లు లెఫ్ట్ గార్డ్ డానవన్ జాక్సన్‌ను టాకిల్‌గా జరిపారు. మావాడు మండిపడ్డాడు, "ఒక గుంట పూడ్చడానికి పక్కన ఇంకో గుంట తవ్వుతారా?" అని. అది వట్టి కోపం కాదు, అందులో న్యాయం ఉంది. కానీ గార్డుకు రెండు వైపులా తోడుంటుంది, టాకిల్ ఒంటరివాడు. ఉన్నవాళ్లలో మంచివాణ్ణి ఒంటరి చోటే పెట్టాలి. నవంబరు 2న పెన్ స్టేట్‌లో, చివరి వైపు నుంచి దూసుకొచ్చే అబ్దుల్ కార్టర్ లాంటివాడు ఎదురుగా ఉండగా, 20-13తో గెలిచారు. చివరి ఐదు నిమిషాలూ బంతి వాళ్లకు ఇవ్వకుండా నేలమీదే పరిగెత్తించారు. టీవీకి అతుక్కుపోయి చూశాం.

మనిషిని మార్చకుండా మందు వేయాలంటే టాకిల్ పక్కన టైట్ ఎండ్‌ను (అడ్డుకోవడమూ, బంతి పట్టడమూ రెండూ చేసేవాణ్ణి) నిలబెట్టొచ్చు, లేదా బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ వెళుతూ వెళుతూ ఒక భుజం తగిలించి పోవచ్చు. రెండింటికీ ఖరీదుంది. సాయానికి నిలిచినవాడు బంతి అందుకోవడానికి ఆలస్యంగా వెళతాడు, లేదా అసలు వెళ్లడు.

లక్షణం: నడిమధ్య నుంచి ఒకడు ఎవరూ తాకకుండా వచ్చేశాడు

దీన్ని బలహీనత అనుకోకండి. ఇది మాటల లోపం. కబడ్డీలో గొలుసు పట్టుకున్న ఇద్దరిలో ఒకడు రైడర్ వెంట పోతే రెండోవాడి చెయ్యి ఊడినట్టు ఉంటుంది. ప్రత్యర్థులు ఇద్దరు దారులు మార్చుకుని కత్తెరలా దాటతారు, దాన్నే స్టంట్ అంటారు. గార్డు తన మనిషి వెంట పోకుండా, వాణ్ణి పక్కవాడికి అప్పగించి కొత్తవాణ్ణి అందుకోవాలి. అది చెప్పుకునే టైం ఉండదు, అలవాటుతోనే రావాలి. అందుకే వారానికొకణ్ణి మార్చమనే అభిమానుల డిమాండ్ ఈ రోగాన్ని ఇంకా ముదరబెడుతుంది. కొన్నిసార్లు ఆ వచ్చినవాణ్ణి ఆపాల్సింది రన్నింగ్ బ్యాక్. తిట్లు మాత్రం ఐదుగురికి.

లక్షణం: స్నాప్ నేలమీద దొర్లుతోంది

సెంటర్ కాళ్ల మధ్య నుంచి బంతి వెనక్కి విసరాలి (అదే స్నాప్), విసిరిన క్షణంలోనే ముక్కు ముందున్న కొండను ఆపాలి. కొండ మీదికి దూకుతుందన్న భయంతో తల ముందే లేస్తే బంతి కిందికి పోతుంది. 2024 జనవరి 1న రోజ్ బౌల్ మ్యాచ్‌లో అలబామా సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్ స్నాప్‌లు మ్యాచ్ అంతా ఇబ్బంది పెట్టాయి. అదనపు సమయంలో ఆఖరి ప్రయత్నంలోనూ బంతి కిందికే వచ్చింది. మిషిగన్ 27-20తో గెలిచింది. సోషల్ మీడియాలో ఆ కుర్రాణ్ణి పెట్టిన హింస అంతా ఇంతా కాదు. అతను కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా ఓహియో స్టేట్‌కు వచ్చాడు. అదే ఏడాది దేశంలో ఉత్తమ సెంటర్‌కిచ్చే రిమింగ్టన్ ట్రోఫీ అతనిదే. స్నాప్ రోగానికి మందు కొత్త సెంటర్ ఒక్కటే కాదు, నయమవుతుంది. అన్నట్టు, ఈ ట్రోఫీ కథకు ఒక చేదు తోక ఉంది. నవంబరులో ఇండియానా మ్యాచ్ వారం ప్రాక్టీస్‌లో అతని మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువు తెగింది.

లక్షణం: మధ్యలోంచి పరుగు సాగడం లేదు

2024 నవంబరు 30. సొంత మైదానం, ఎదురుగా మిషిగన్. బంతి పట్టుకుని 26 సార్లు పరిగెత్తితే 77 గజాలు, అంటే ఒక్కోదానికి మూడు గజాలు కూడా లేవు. 13-10తో ఓటమి. ఆ రాత్రి మా ఇంట్లోనే రెండు పార్టీలయ్యాయి. "లెఫ్ట్ టాకిల్ లేడు, సెంటర్ లేడు, లైన్ ఏం చేస్తుంది?" అని నేను. "మధ్యలో కొట్టమన్నది ఎవరు?" అని మావాడు. ఈసారి వాడే రైటు. మిషిగన్ నడుమ మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్ ఉన్నారు, ఇద్దరినీ మరుసటి ఏడాది ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) జట్లు డ్రాఫ్ట్ అనే ఆటగాళ్ల ఎంపికలో మొదటి రౌండ్‌లోనే తీసుకున్నాయి. అతుకులేసిన లైన్‌తో గోడ ఎక్కడ మందంగా ఉందో అక్కడే తల కొట్టుకున్నారు.

మూడు వారాల తర్వాత టెనెసీ మీద 42-17తో గెలుపు. గాయపడ్డ ఇద్దరూ తిరిగి రాలేదు, లైన్‌లోకి కొత్త మొనగాడెవడూ దిగలేదు. జెరమయా స్మిత్ లాంటి రిసీవర్లకు బంతి ముందే అందించడం మొదలుపెట్టారు. ప్రత్యర్థులు వెడల్పుగా పరుచుకోవాల్సొచ్చింది, మధ్యలో గోడ పల్చబడింది. 2025 జనవరి 20న నోటర్ డేమ్‌ను 34-23తో ఓడించి జాతీయ చాంపియన్లయ్యారు. కాబట్టి పరుగు సాగకపోతే ముందు బాక్స్‌లో, అంటే లైన్‌కు ఎదురుగా మధ్య భాగంలో, ఎదుటివాళ్లు ఎంతమంది నిలబడ్డారో లెక్కపెట్టండి. మనవాళ్లకంటే ఒకడు ఎక్కువున్నాడంటే అడగాల్సింది కోచ్‌ని.

లక్షణం: బయటి ఊళ్లో ఫాల్స్ స్టార్ట్‌లు

కారణం గోల. క్వార్టర్‌బ్యాక్ అరుపు వినబడక, బంతి కదలకముందే ఎవడో ఒకడు ఉలిక్కిపడతాడు, ఐదు గజాలు వెనక్కి. మందు సైలెంట్ కౌంట్. గార్డు వెనక్కి చూసి క్వార్టర్‌బ్యాక్ సైగ అందుకుని సెంటర్‌ను తడతాడు, సెంటర్ తల ఊపి స్నాప్ ఇస్తాడు. ప్రాక్టీస్‌లో పెద్ద స్పీకర్లు పెట్టి దీన్ని రుద్దిస్తారు.

సొంత ఊళ్లో అయితే మందు అభిమానుల చేతిలోనే ఉంది. మన జట్టు దగ్గర బంతి ఉన్నప్పుడు నోరు మూసుకోవడం. స్టేడియంలో అంతమందీ అది పాటిస్తారు. మా బావమరిది టీవీ ముందు కూడా పాటిస్తాడు, మా అక్క కొడుకు చిప్స్ ప్యాకెట్ విప్పితే వేలు పెదవి మీద పెట్టి ఉరిమి చూస్తాడు.