తలకు రంగు వేసుకునే ముందు

రేపు ఫంక్షన్ పెట్టుకుని ఇవాళ రాత్రి తలకు రంగు వేసుకోకండి. హెయిర్ డై వల్ల వచ్చే అలర్జీ చాలావరకు అప్పటికప్పుడు బయటపడదు. తల కడుక్కున్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. మర్నాడో ఆ మర్నాడో చెవుల అంచుల్లో, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట దురద మొదలవుతుంది. కొందరికి పొద్దున్న లేచేసరికి కనురెప్పలు ఉబ్బిపోయి కళ్లు తెరుచుకోవు. రంగు పూసింది తలకైతే వాచింది కళ్లు కాబట్టి, నిన్న ఏం తిన్నామా అని ఆలోచిస్తారు గానీ డై సంగతి తట్టదు.

దీనికి ఎక్కువగా కారణమయ్యేది పారాఫినైలిన్‌డయామిన్ అనే రసాయనం, పొట్టిగా పీపీడీ. ముదురు రంగు డైలలో చాలావాటిలో ఇది ఉంటుంది. పెట్టె మీద 'అమోనియా లేదు' అని ఎంత పెద్దగా రాసినా, ఇది లేదని అర్థం కాదు. వెనక చిన్న అక్షరాల్లో ఉన్న జాబితా చదవాలి. 'హెర్బల్', 'హెన్నా' అన్నా అంతే. ఉత్త గోరింటాకు ఎర్రటి ఛాయ ఇస్తుంది తప్ప అరగంటలో జుట్టును నల్లగా చేయదు.

'ఏళ్ల తరబడి ఇదే వాడుతున్నా, నాకేమవుతుంది' అంటారు. ఇన్నాళ్లూ పడిన డైయే ఒకరోజు పడకపోవచ్చు. ఒకసారి అలర్జీ మొదలైతే సాధారణంగా ఇక పోదు. అందుకే వేసుకునే ప్రతిసారీ 48 గంటల ముందు పరీక్ష చేసుకోవాలి. పెట్టెలోని కాగితంలో చెప్పినట్టు కొంచెం రంగు చెవి వెనకో మోచేతి మడతలోనో రాసి చూడండి. ఎర్రబడినా, దురద పుట్టినా ఆ డై వాడొద్దు. గతంలో డైతో గానీ నల్ల హెన్నా టాటూతో గానీ బొబ్బలు వచ్చినవాళ్లు ఇంట్లో ఈ పరీక్ష కూడా చేసుకోకూడదు, చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

వేసుకునే రోజు గ్లవ్స్ తప్పనిసరి. మాడు మీద గీతలు, పుళ్లు ఉంటే ఆగండి. కనుబొమ్మలకు, రెప్పలకు అసలు పూయొద్దు. రంగు బాగా పట్టాలని, పెట్టె మీద చెప్పిన టైమ్ కన్నా ఎక్కువసేపు ఉంచడం మరీ తప్పు.

మంట మొదలైతే టైమ్ అయ్యేదాకా ఓర్చుకోకుండా వెంటనే బాగా కడిగేయండి. ముఖం వాచినా, బొబ్బలు వచ్చినా ఇంట్లో ఉన్న ఏదో ఒక ఆయింట్‌మెంట్ రాయకుండా డాక్టర్‌కు చూపించుకోండి, డై పెట్టె కూడా వెంట తీసుకెళ్లండి. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.