సివిలైజేషన్ 5లో నగరాలు గెలుస్తూనే కల్చర్ కాపాడుకోవడం ఎలా?

శత్రు నగరం చేజిక్కగానే ఏం చేయాలో ఈ కంప్యూటర్ ఆట అడుగుతుంది: అనెక్స్ (పూర్తిగా కలుపుకుని మీరే నడపడం), పప్పెట్ (మీ కింద ఉంటూ తన పని తానే చూసుకునే నగరం), రేజ్ (నేలమట్టం చేయడం). గెలిచిన ఊపులో చాలామంది అనెక్స్ నొక్కేస్తారు. కల్చర్, అంటే పాలసీలు కొనుక్కోవడానికి కూడబెట్టే పాయింట్లు, కుంటుపడేది అక్కడే. ఇక్కడి లెక్కలు 2013లో వచ్చిన బ్రేవ్ న్యూ వరల్డ్ అనే అదనపు ప్యాక్‌తో ఆడేవారికి.

1. ముందు ఖర్చు తెలుసుకోండి. స్టాండర్డ్ మ్యాపులో మీరు స్వయంగా నడిపే ప్రతి అదనపు నగరానికీ పాలసీ (మీ దేశానికి శాశ్వత లాభమిచ్చే ఎంపిక) ధర 10 శాతం చొప్పున పెరుగుతుంది. నాలుగు నగరాలున్నవారు మరో మూడింటిని అనెక్స్ చేస్తే తర్వాతి పాలసీ దాదాపు 23 శాతం ప్రియమవుతుంది. పైగా ప్రతిఘటన (పట్టుబడిన నగరంలో కొన్ని టర్న్‌లు సాగే అలజడి) చల్లారేదాకా ఆ కొత్త నగరాల నుంచి చుక్క కల్చర్ కూడా రాదు.

2. పట్టుకున్న వెంటనే పప్పెట్ చేయండి. పప్పెట్ నగరం పాలసీ ధరను పెంచదు. అన్ని నగరాల్లోనూ ఫలానా భవనం ఉండాలనే జాతీయ అద్భుతాల (ఒక్కో దేశం ఒక్కసారే కట్టగల ప్రత్యేక భవనాల) షరతు కూడా దానికి వర్తించదు. సైన్స్, కల్చర్ 25 శాతం తగ్గుతాయి, ఏం కట్టాలో అదే తేల్చుకుంటుంది. ఆ తేల్చుకోవడం చూస్తే ఒక్కోసారి తల పట్టుకోవాలనిపిస్తుంది, అయినా బేరం లాభమే.

3. తర్వాత తీరిగ్గా ఏరుకోండి. జనాభా బాగా ఉండి, మంచి అద్భుతం ఉన్న నగరాన్నే అనెక్స్ చేయండి. అదీ ప్రతిఘటన ముగిశాక, కోర్ట్‌హౌస్ (అనెక్స్ చేసిన నగరం తెచ్చే అదనపు అసంతృప్తిని తొలగించే భవనం) కొనడానికి బంగారం చేతిలో ఉన్నప్పుడు, పాలసీ తీసుకున్న మరుక్షణమే. ఇలా చేస్తే పెరిగిన ధర వెంటనే మీ మీద పడదు.

4. పనికిరాని చిన్న ఊళ్లను రేజ్ చేయండి. రాజధానులకు ఇది కుదరదు.

5. ఎవరి మీద దండెత్తాలో కల్చరే చెబుతుంది. కల్చర్ విజయానికి మీ టూరిజం (ఇతర దేశాలపై మీ ప్రభావాన్ని పెంచే పాయింట్లు) ప్రతి దేశం కూడబెట్టిన కల్చర్‌నూ దాటాలి. ఒక్కటి మొండికేస్తే దాని చివరి నగరం దాకా పట్టుకోండి, ఆట నుంచి తప్పుకున్న దేశం లెక్కలోకి రాదు. దాడికి ముందే అక్కడ మీ ప్రభావం పాపులర్ స్థాయికి, అంటే మీ టూరిజం వారి కల్చర్‌లో 60 శాతానికి చేరితే ప్రతిఘటన కూడా త్వరగా ముగుస్తుంది. ఆ నగరాల్లో కళాఖండాలు దొరికితే కల్చర్ ఓవర్‌వ్యూ తెర తెరిచి, థీమ్ బోనస్ (సరైన కూర్పుతో కలిపి పెడితే దక్కే అదనపు లాభం) వచ్చేలా మీ మ్యూజియంలోకి మార్చుకోండి.