కోవిడ్, బ్రూసెల్లా రెండూ ఒకేసారి వస్తే ఇంట్లో వాళ్లు ఏం చూసుకోవాలి

బ్రూసెల్లా అంటే పశువుల నుంచి, పచ్చిపాల నుంచి మనుషులకి అంటుకునే ఒక బ్యాక్టీరియా జబ్బు. గుంటూరు, తెనాలి, విజయవాడ చుట్టుపక్కల గేదెలు, మేకలు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఒకరికి కోవిడ్ పాజిటివ్ వచ్చి, దగ్గు తగ్గిపోయాక కూడా సాయంత్రం అయ్యేసరికి జ్వరం, రాత్రి చొక్కా తడిసేంత చెమట, నడుం నొప్పి, కీళ్ల నొప్పులు వస్తూ పోతూ ఉంటే కోవిడ్ తర్వాత నీరసం ఇలాగే ఉంటుందిలే అని వదిలేయకండి. మన ఎండల్లో చెమట ఎవరికైనా పడుతుంది కానీ ఏసీ గదిలో కూడా దుప్పటి తడుస్తోందంటే డాక్టర్ దగ్గర ఆ మాట ప్రత్యేకంగా చెప్పాలి.

డాక్టర్ అడగకపోయినా మనమే చెప్పాల్సినవి: ఇంట్లో పశువులు ఉన్నాయా, పచ్చిపాలు తాగే అలవాటు ఉందా, ఈ మధ్య గేదె గానీ మేక గానీ ఈసుకుపోయిందా (నెలలు నిండకుండానే కడుపు పోయిందా), ఆ మాయని (మావిని) వట్టి చేతులతో తీశారా. బ్రూసెల్లా మామూలుగా రెండు మూడు వారాల తర్వాత బయటపడుతుంది, ఒక్కోసారి రెండు నెలలు కూడా పడుతుంది, కాబట్టి పాత సంగతి కదా అని దాచొద్దు. రోజ్ బెంగాల్, ట్యూబ్ అగ్లుటినేషన్ అనే రక్త పరీక్షలు ఉంటాయి, యాంటీబయాటిక్ మొదలెట్టకముందే బ్లడ్ కల్చర్‌కి (రక్తంలో సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) ఇస్తే ఇంకా మంచిది. బ్రూసెల్లా అనుమానం అని ల్యాబ్ వాళ్లకి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఆ సూక్ష్మజీవి నెమ్మదిగా పెరుగుతుంది, పైగా శాంపిల్ పట్టుకునేవాళ్లకి అంటుకునే ప్రమాదం ఉంది. టైఫాయిడ్‌కి చేసే విడాల్ పరీక్ష ఒక్కటి చేయించి టైఫాయిడ్ అని మందులు వాడుకుంటూ పోవడం మాత్రం సరిపోదు.

రెండూ ఉన్నాయని తేలితే ముందు చూడాల్సింది ఊపిరి. ఆక్సిజన్ 94 కంటే తగ్గినా ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేసి ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌కో దగ్గర్లో ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికో వెళ్లిపోండి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైన వాళ్లకే పనికొస్తుంది, మామూలు కోవిడ్‌కి ఎవరో చెప్పారని షాపులో కొని వేసుకుంటే కోవిడ్‌కి లాభం లేదు సరికదా లోపల ఉన్న బ్రూసెల్లా జ్వరాన్ని కప్పిపెట్టి ముదరనిస్తుంది.

బ్రూసెల్లాకి పెద్దవాళ్లలో సాధారణంగా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఆరు వారాలు, దానితోపాటు రిఫాంపిసిన్ అదే ఆరు వారాలు, లేదా స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ రెండు మూడు వారాలు ఇస్తారు. గర్భిణులకి, ఎనిమిదేళ్లలోపు పిల్లలకి మందులు వేరు, డాక్టరే మార్చి రాస్తారు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది రిఫాంపిసిన్ దగ్గర. అది లివర్‌ని వేగంగా పని చేయించి మిగతా మందుల్ని శరీరంలోంచి తొందరగా పంపించేస్తుంది. కోవిడ్‌కి ఇచ్చే నిర్మాట్రెల్‌విర్ రిటోనవిర్ దీనితో కలిపి వాడకూడదు, రెమ్‌డెసివిర్ కూడా కలపొద్దనే అంటారు, డెక్సామెథసోన్ బలం తగ్గిపోతుంది, రక్తం పల్చబడే బిళ్లలు, కొన్ని షుగర్ బిళ్లలు, గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచేయవు. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. అందుకే కోవిడ్ చూసే డాక్టర్‌కి, షుగర్ డాక్టర్‌కి, అందరికీ వాడుతున్న మందులన్నీ ఒకే కాగితం మీద రాసి చూపించండి. ఇంకో సంగతి, రిఫాంపిసిన్ టీబీ మందు కూడా, లోపల టీబీ ఉందేమో చూడకుండా మొదలుపెడితే టీబీ మందుకి లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది, మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ముందే అడగండి. మూత్రం ఎర్రగా నారింజ రంగులో వస్తే భయపడక్కర్లేదు. కళ్లు పచ్చబడి వాంతులవుతుంటే మాత్రం వెంటనే చూపించుకోవాలి.

డాక్సీసైక్లిన్ టిఫిన్ తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట అయినా పడుకోకుండా కూర్చోవాలి, లేకపోతే గొంతు కింద పుండు పడుతుంది. కోవిడ్ తర్వాత చాలామంది ఐరన్, కాల్షియం, గ్యాస్ మందులు వాడతారు, వాటికీ దీనికీ కనీసం రెండు గంటలు గ్యాప్ ఉండాలి. ఎండలో తిరిగితే చర్మం మాడుతుంది, మధ్యాహ్నం బెజవాడ ఎండలోకి వెళ్లాల్సి వస్తే గొడుగు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ వాడేవాళ్లకి చెవుల్లో హోరు, తల తిరగడం మొదలైతే చెప్పాలి.

వారానికే జ్వరం పోతుంది, అక్కడే చాలామంది బిళ్లలు ఆపేస్తారు, దయచేసి ఆపొద్దు. సగంలో ఆపితే జబ్బు తిరగబెట్టడానికి ఎక్కువ అవకాశం ఉంది, వెన్నుపూసకి పాకితే మూడు నెలలు కూడా వాడాల్సి రావచ్చు. నడుం నొప్పి పెరగడం, వృషణాలు వాచడం, మెడ పట్టేసి తలనొప్పి, ఇవి వస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కోర్సు అయ్యాక కూడా ఒక ఏడాది కనిపెట్టుకుని ఉండండి, రక్త పరీక్షలో యాంటీబాడీలు చాలాకాలం కనిపిస్తాయి కాబట్టి రిపోర్టు ఒక్కదాన్ని చూసి కంగారు పడకుండా మనిషి ఎలా ఉన్నాడో చూడాలి. నీరసం మాత్రం మెల్లగా తగ్గుతుంది, పొలం పనికి తొందరపెట్టకండి.

మనిషిని విడిగా ఉంచేది కోవిడ్ కోసం, బ్రూసెల్లా ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడం చాలా అరుదు. కానీ అవే పాలు తాగిన ఇంట్లో వాళ్లకి జ్వరం ఉంటే వాళ్లకీ పరీక్ష చేయించండి. పాలు పొంగేదాకా కాచే తాగాలి, తోడు పెట్టేది కూడా కాచిన పాలే. గ్లౌజులు లేకుండా మాయ ముట్టుకోవద్దు, సున్నం వేసి లోతుగా పాతిపెట్టాలి. నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆడదూడలకి టీకా వేయిస్తారు, పశువైద్యశాలలో అడగండి. ఈసుకుపోయిన గేదెని సంతలో అమ్మేస్తే జబ్బు ఇంకో ఇంటికి వెళ్తుంది, 1962కి (పశువుల అంబులెన్స్ నంబరు) ఫోన్ చేసి రక్తం పరీక్ష చేయించేదాకా దాన్ని మందకి దూరంగా కట్టేయండి.