నడుముకు పూసల పేట: పశ్చిమాఫ్రికా ఆచారం, కట్టుకునే పద్ధతి

పశ్చిమాఫ్రికా స్త్రీలు నడుముకు కట్టుకునే పూసల గురించి విన్నప్పుడు మన వాళ్లు మొదట అడిగే మాట ‘వడ్డాణం లాంటిదా?’ అని. కాదు. వడ్డాణం చీర మీద, నలుగురి కంటా పడేలా, వేడుక నాడు మాత్రమే పెట్టుకునే నగ. ఈ పూసలు బట్టల లోపల, ఒంటిని ఆనుకుని, పగలూ రాత్రీ ఉండిపోయేవి. పోలిక తప్పనిసరి అనుకుంటే మొలతాడు దానికి దగ్గర. బిడ్డకు మొలతాడు ఎందుకు కట్టారని అడిగితే దిష్టి తగలకుండా అని ఒకరు, ఒళ్లు చేస్తున్నదీ లేనిదీ తెలుస్తుందని ఒకరు చెబుతారు. ఘనాలోని అమ్మమ్మలు పసిబిడ్డ నడుముకు పూసలు కట్టి చెప్పే కారణాల్లోనూ ఈ రెండూ ఉన్నాయి.

అయితే పోలిక అక్కడితో ఆగాలి. మన దగ్గర మొలతాడు పెద్దయ్యాక మగవాళ్లకే మిగిలింది. ఆడపిల్లకు సిగ్గుబిళ్ళతో కట్టిన వెండి మొలతాడు నాలుగైదేళ్లు దాటకముందే బీరువాలోకి చేరుతుంది. పశ్చిమాఫ్రికాలో అందుకు భిన్నంగా ఆడపిల్ల ఎదుగుతున్న కొద్దీ పూసల పేటలు పెరుగుతాయి. నైజీరియాలోని యోరుబా వారు వీటిని ‘ఇలెకె ఇది’ అంటారు. అదే దేశంలో ‘జిగిడా’ అన్న పేరూ బాగా వాడుకలో ఉంది. సెనెగల్‌లో ‘బిన్ బిన్’, మాలిలోని బంబారా భాషలో ‘బాయా’. ఒక్కొక్క పేరు వెనుక ఒక్కొక్క వాడుక ఉంది కాబట్టి అన్నిటినీ కలిపి ‘ఆఫ్రికా ఆచారం’ అనడం, కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా అందరూ ఇడ్లీ తింటారనడం లాంటిది.

విశాఖపట్నం పెదవాల్తేరులో మా మేడ మీది వాటాలో ఒకప్పుడు అద్దెకున్న ఘనా విద్యార్థిని నాకు ఈ పూసలను మొదట చూపించింది. ఆమె వాటిని చూపించడమే ఒక విశేషమని నాకు ఆ తరువాత గానీ తెలియలేదు. సంప్రదాయంలో ఇవి పైకి కనిపించేవి కావు. ఘనాలోని అకాన్ జాతి స్త్రీలకు పూర్వం ఇవి అలంకారం ఎంతో అవసరం కూడా అంతే. బహిష్టు రోజుల్లో కట్టుకునే గుడ్డను నిలబెట్టేది నడుము పూసల పేటే. పెళ్లయ్యాక వాటిని చూసే హక్కు, తాకే హక్కు భర్తవి. సెనెగల్ స్త్రీలు సుగంధ ధూపం వేసిన పూసలు కట్టుకుంటారు. నడుస్తుంటే వినిపించే సన్నని గలగల కూడా ఆ అలంకారంలో భాగమే. అందుకే మన ఊళ్లో చదువుకుంటున్న ఆఫ్రికా అమ్మాయి నడుము దగ్గర పూసలు కనిపించినప్పుడు ‘ఎంత బాగున్నాయో’ అంటూ చెయ్యి వేయడం మర్యాద కాదు. పరిచయస్తుడైన మగవాడు వాటిని బహుమతిగా ఇవ్వడం కూడా వాళ్ల దృష్టిలో చనువు మితిమీరిన పని.

బహిరంగంగా కనిపించే సందర్భాలు లేకపోలేదు. ఘనా తూర్పు ప్రాంతంలోని క్రోబో వారు ఆడపిల్లలకు ‘దిపో’ అనే ఈడేరిన వేడుక చేస్తారు. ఆ రోజున పిల్లలు ఒంటి పైభాగాన వస్త్రం లేకుండా, మెడ నిండా, నడుము నిండా తరతరాల పూసలతో నలుగురిలో నడుస్తారు. ఆ పూసల్లో కొన్ని అక్కడే తయారవుతాయి: పగిలిన గాజు సీసాలను రోట్లో దంచి, ఆ పొడిని మట్టి అచ్చుల గుంటల్లో పోసి, నడుమ కర్రపెండలం ఆకు కాడను నిలిపి కొలిమిలో కాలుస్తారు. కాడ కాలిపోయిన చోట బెజ్జం మిగులుతుంది. ఆ పిదప రాతి మీద నీళ్లు, ఇసుక వేసి నున్నగా రుద్దుతారు. గాజు పూస మనకూ కొత్త కాదు. శ్రీకాళహస్తి దగ్గరి పాపానాయుడుపేటలో కరిగిన గాజును సన్నని గొట్టాలుగా లాగి, ముక్కలు చేసి పూసలు తీసే పాత విద్య ఉంది. గుజరాత్‌లోని ఖంభాత్ ఎర్రరాతి పూసలైతే వర్తకుల చేతుల మీదుగా పశ్చిమాఫ్రికా అంగళ్ల దాకా వెళ్లాయి.

రంగుల విషయంలో జాగ్రత్త అవసరం. ఆకుపచ్చ అంటే ధనం, పసుపు అంటే ఆనందం అని చెప్పే పట్టికలు అమ్మకం కోసం ఈ మధ్య పుట్టినవే ఎక్కువ. ఒక్కొక్క జాతిలో, ఒక్కొక్క ఇంట్లో రంగుల అర్థం మారుతుంది. యోరుబా దేవతారాధనలో మాత్రం రంగులకు స్థిరమైన స్థానం ఉంది: తెలుపు ఒబతాలాది, ఎరుపు తెలుపుల జత షాంగోది, పసుపు వన్నె ఓషున్‌ది. మనం నల్లపూసలను కేవలం నల్లని గాజుగా చూడనట్టే వాళ్లూ ఆ జతలను ఉత్త రంగులుగా చూడరు. కాబట్టి ఆ మతంతో సంబంధం లేనివారు ఆ జతలను యథాతథంగా కాక, తమకు నచ్చిన కలయికను ఎంచుకోవడం ఉత్తమమని నా అభిప్రాయం. నల్లపూసలతోనే నడుము పేట గుచ్చుకోవాలని కొందరు ముచ్చటపడతారు గానీ, ఇంట్లో అత్తగారు ఉంటే ముందుగా ఆవిడతో ఒక మాట అనుకోవడం మంచిది.

ఇక కట్టుకోవడం. మొదటి పని కొలత, తప్పు జరిగేది కూడా అక్కడే. నిలబడి, ఊపిరి బిగబట్టి తీసిన కొలత పనికిరాదు. కూర్చున్నప్పుడు నడుము అంగుళం, రెండంగుళాలు పెరుగుతుంది. భోజనం చేసిన తరువాత, కుర్చీలో మామూలుగా కూర్చుని, పూసలు ఎక్కడ ఉండాలనుకుంటున్నారో సరిగ్గా అక్కడ టేపు చుట్టండి. బొడ్డుకు పైన, బొడ్డు కింద, తుంటి ఎముకల మీద — ఈ మూడు చోట్లా మూడు కొలతలు వస్తాయి కాబట్టి, ఎన్ని పేటలు కడుతున్నారో అన్ని సార్లు వేరువేరుగా కొలవాలి. చీర కట్టేవారు లంగా బొందు బిగించే చోటును విడిచిపెట్టాలి. బొందు కింద నలిగిన పూసలు సాయంత్రానికి చర్మం మీద అచ్చులు వేస్తాయి. తుంటి మీదకు జారి నిలిచే పేటే చీరకు అన్నివిధాలా అనుకూలం.

దారం ఎంపిక తరువాతి మాట. అక్కడి పాత పద్ధతి నూలు దారం. మన విశాఖ గాలిలో ఉప్పూ తేమా ఎక్కువ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నూలు దారం చెమటకు తడిసి ఆరకుండా ఉంటుంది, తామర ఉన్నవారికి అది మరింత చేటు. తేనెమైనం పట్టించిన నూలు దారం గానీ, గట్టి నైలాన్ దారం గానీ వాడడం మేలు. ఎలాస్టిక్ మీద గుచ్చినవి తొడుక్కోవడానికి, తీయడానికి వీలుగా ఉంటాయి, కానీ అవి సాగి వదులైపోతాయి. పైగా ఒంటి మార్పును తెలియజేయడమనే అసలు ప్రయోజనం అక్కడే పోతుంది. సాగని దారం మీది పేట పైకి జరిగి బిగిస్తే ఒళ్లు వచ్చిందని, కిందికి జారితే తగ్గిందని అర్థం. కడుపు ఉబ్బరించిన రోజున కూడా అది బిగుస్తుంది కనుక ఒక్కరోజు లెక్కను నమ్మకండి.

పూసలకు గాజువే శ్రేష్ఠం. పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ వైపు కొట్లలో కొనేటప్పుడు నంబరు అడగండి: 8 నంబరు పూస సుమారు 3 మిల్లీమీటర్లు, 11 నంబరుది సుమారు 2 మిల్లీమీటర్లు, నంబరు పెరిగిన కొద్దీ పూస చిన్నది. అంగుళానికి 8 నంబరువి సుమారు 12, 11 నంబరువి సుమారు 18 పడతాయి. అంటే 34 అంగుళాల పేటకు మొదటి రకం 400 పైచిలుకు, రెండో రకం 600 పైచిలుకు కావాలి. బెజ్జం పూడినవి, వంకరవి ఏరేయడానికి మరికొన్ని కలుపుకోండి. కొన్న పూసలను గుచ్చేముందు కుంకుడు రసంలో ఒక రాత్రి నానబెట్టి, తెల్లని గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు రంగు అంటితే అవి చీరకూ అంటుతాయి. ఏటికొప్పాక లక్క పూసలు అందంగా ఉంటాయి గానీ స్నానంలో నానే చోటుకు కర్ర పూస తగదు. ఇనుప, ఇత్తడి పూసలు ఉప్పుగాలికి చిలుమెక్కుతాయి. గురివింద గింజలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి. వాటిలో ఉన్నది ప్రాణాంతకమైన విషం.

నడుము కొలతకు 20 అంగుళాలు కలిపి దారం కత్తిరించండి. రెండు కొసలలోనూ పదేసి అంగుళాలు వదలాలి. ఒక కొసకు పెద్ద పూసను తాత్కాలికంగా ముడివేసి ఆపితే గుచ్చినవి జారిపోవు. దారం వరుసలో మొదటి అయిదారు పూసలూ చివరి అయిదారు పూసలూ బెజ్జం పెద్దవిగా ఉండేలా చూసుకోండి, ఎందుకంటే ముడి వేశాక కొసలను వాటిలోకి వెనక్కి దూర్చాలి.

కట్టడం మాత్రం మీ అంతట మీరు చేసే పని కాదు. పేటను ఒంటి మీద చుట్టి ముడి వేసే మనిషి వేరే ఉండాలి. అక్కడ తల్లి, అమ్మమ్మ, పెద్దమ్మ ఎవరో ఒకరు ఆ పని చేస్తారు. యోరుబా వారి సామెత ఒకటి ఉంది: మన పిల్ల నడుము ఎలా ఉన్నా, పూసలు కట్టేది మన పిల్లకే గానీ పక్కింటి పిల్లకు కాదు. మీరు కూర్చోండి, కట్టేవారు వెనుక కూర్చుని కుడి కొసను ఎడమ దాని మీదుగా తిప్పి ఒక ముడి, తరువాత ఎడమ కొసను కుడి దాని మీదుగా తిప్పి రెండో ముడి వేయాలి. రెండుసార్లూ ఒకే వైపు నుంచి తిప్పితే ఆ ముడి జారుతుంది. బిగించే ముందు పేట కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. ముడి మీద ఒక చుక్క జిగురు వేసి, కొసలను పక్క పూసల్లోకి దూర్చి, మిగిలింది కత్తిరించండి. నైలాన్ కొసను నిప్పుతో కరిగించాలనుకుంటే ఆ పని ఒంటి మీద ఉండగా చేయకండి.

కొత్తగా కట్టేవారికి ఒక పేట చాలు. వారం రోజులు నిద్రలో, స్నానంలో అలవాటయ్యాక రెండోది కట్టవచ్చు. సముద్రంలో దిగివస్తే మంచినీళ్లతో కడిగి, పేటను అటూ ఇటూ జరిపి కింది చర్మం పొడిగా తుడవండి. దురద, ఎర్రని మచ్చ కనిపిస్తే మందు రాసి చూద్దామనుకోక పేటను తీసేయండి. గర్భిణులు బిగుతు తెలియకముందే తీయడం మంచిది. శస్త్రచికిత్సకు ముందు ఎలాగూ తీయాలి. పసిపిల్లలకు కట్టాలనుకుంటే దారం తెగి పూస నోట్లోకి పోయే ప్రమాదం ఉందని గుర్తుంచుకోండి. ఆ ముచ్చటను నేనైతే వెండి మొలతాడుతోనే తీర్చుకుంటాను.

కొక్కెం లేని పేటను తీయడమంటే కత్తిరించడమే. పళ్లెంలో నిలబడి, ముడికి పక్కన దారాన్ని పట్టుకుని కత్తెర వేస్తే పూసలు చెల్లాచెదురు కావు. వాటిని కడిగి, ఆరబెట్టి, దారం మాత్రం కొత్తది తీసుకుని, నడుము మళ్లీ కొలిచి గుచ్చండి. పాత కొలత ఆరు నెలల తరువాత సరిపోవడం అరుదు.