ఒకే మాట, రెండు అర్థాలు: వాదనలోని దోషాన్ని పట్టుకోవడం ఎలా?

విశాఖలో ఫ్లాటు కోసం తిరిగినవారికి ఈ వాదన పరిచితమే. "నలుగురున్న కుటుంబానికి 1,200 అడుగులు సరిపోతాయి, మధురవాడలోని ఈ ఫ్లాటు 1,200 అడుగులు, కనుక మీకు సరిపోతుంది" అంటారు. అయితే సరిపోతాయన్న అడుగులు మనం తిరిగే గచ్చువి, అంటే కార్పెట్ ఏరియా. అమ్ముతున్న అడుగుల్లో మెట్లు, లిఫ్టు, నడవాల వాటా కూడా కలిసి ఉంటుంది, దాన్ని సూపర్ బిల్టప్ అంటారు. అనుమానం కలిగిన మాటను కొట్టివేసి, అది వచ్చిన ప్రతిచోటా దాని పూర్తి అర్థాన్ని రాయండి. "కార్పెట్ ఏరియా 1,200 ఉంటే చాలు, ఇక్కడ సూపర్ బిల్టప్ 1,200 ఉంది" అని రాయగానే "కనుక" అనడానికి ఆధారం మిగలదు. స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో బయటి గోడలు, బాల్కనీ చేరవు, లోపలి అడ్డుగోడలు చేరతాయి. బేరానికి ముందే ఆ అంకెను అడగాలి.

మాటకున్న రెండో అర్థాన్ని పట్టుకుని వాదించడాన్ని ప్రాచీన భారతీయ తర్కమైన న్యాయశాస్త్రం వాక్ఛలం అంది. "ఇతడు నవకంబలుడు" అని కొత్త కంబళి గలవాడనే అర్థంలో ఒకరంటే, "తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయి?" అని ఎదుటివారు ఖండించడం దానికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

కొన్నిసార్లు మాటలో కాక వాక్య నిర్మాణంలోనే చిక్కు ఉంటుంది. ఎన్‌ఏడీ కూడలిలో ప్రమాదం జరిగి, ఫిర్యాదులో "బైకు గుద్దిన లారీ" అని రాస్తే, గుద్దింది ఏది? బైకుదే తప్పని వాదించడానికి ఆ మూడు మాటలే చాలు. "బైకును గుద్దిన లారీ" అని రాస్తే ఆ సందు ఉండదు.

"బీచ్‌కు దగ్గర" అన్నది వేరే రకం. "దగ్గర"కు అర్థం ఒకటే, హద్దే లేదు, కనుక ఇక్కడ "ఏ అర్థంలో?" అని కాక "ఎంత?" అని అడగాలి. రుషికొండ తీరానికి అర కిలోమీటరు దగ్గరే, మరో వంద మీటర్లు జరిగినంత మాత్రాన దూరం కాదు అంటూ జరుపుకుంటూ పోతే, తీరానికి దూరంగా ఉన్న ఆనందపురం కూడా బీచ్ పక్కనే అవుతుంది. హద్దు గీయలేము కనుక దగ్గరకూ దూరానికీ తేడాయే లేదనడం కూడా అంతే తప్పు.

హద్దు లేని ప్రతి మాటనూ నిలదీయనక్కరలేదు. ఇంటికి పిలిచేటప్పుడు "సాయంత్రం రండి" అంటే చాలు; అడ్వాన్సు కాగితంలో "సాయంత్రంలోగా" అని ఉంటే మాత్రం, సంతకానికి ముందే గంట రాయించుకోవాలి.